మెత్తటి టైర్లు

జహీరాబాద్

ప్రియమైన శరణప్ప మామకు,

రుచిత నమస్కరించి రాస్తున్నది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఉత్తరం.

మా కంపెనీ సిమ్యులేటర్‌లో కూర్చోమని నిన్ను పిలిచింది నేనే. తెరల మధ్య సీటు, స్టీరింగు ఉన్న గది అది. తెర మీద రోడ్డు మలుపు తిరిగితే, కింది నాలుగు చక్రాలు గదిని హాల్లో అటే పరుగెత్తిస్తాయి. బస్సు నడిపిన మా మామ వస్తున్నాడని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నీకు వాంతి అయ్యాక, నేను వెనక వచ్చేలోపే ఆటో ఎక్కి వెళ్లిపోయావు. బడి వ్యాన్ నడపడం కూడా మానేశావని నాగరాణి అత్త చెప్పింది. ఎందుకు మామా?

నీ రుచిత

చిరాగ్‌పల్లి

బంగారు తల్లి రుచితకు,

మామ దీవెనలు. నీ తప్పేమీ లేదు. బీదర్ రోడ్డు మీద ముప్పై ఏళ్లు బస్సు నడిపాను, ఒక్కనాడూ తల తిరగలేదు. నున్నటి నేల మీద, మీ పెద్దసార్ల ముందు కక్కుకున్నాను. నువ్వు వంగి నా అంగీ తుడవబోయావు చూడు, అది తట్టుకోలేకపోయాను. ఇలాంటి ఒంటితో పిల్లల్ని ఎట్లా తిప్పను? కళ్లు మసకబారాయని బడిలో చెప్పి తాళాలు ఇచ్చేశాను. మీ అమ్మకూ అదే చెప్పు.

మీ మామ

జహీరాబాద్

ప్రియమైన మామకు,

నీ ఉత్తరం చదివాక నేనే ఆ సీట్లో కూర్చున్నాను. రెండో మలుపుకే కడుపులో తిప్పింది. తర్వాత కూర్చున్న నా తోటి ఉద్యోగులు శ్వేత, రితేష్ ఇద్దరూ బయటికి పరుగెత్తారు. నీకు ముందు ఆ సీట్లో మనిషెవరూ కూర్చోలేదు, ఇసుక బస్తాలు పెట్టే నడిపాం.

కారణం టైర్లు. కుదుపు ఉండకూడదని మెత్తటివి ఎంచింది నేను. చక్రం మలుపు తిరిగినప్పుడు ఆ రబ్బరు మొదట పక్కకు వంగి, తర్వాత నేలను పట్టుకుంటుంది. కళ్లు మలుపును చూసేస్తాయి, ఒళ్లు ఆలస్యంగా కదులుతుంది. ఎవరికైనా తల తిరుగుతుంది. పక్కలు గట్టిగా ఉన్నవి వేస్తే తల తిరగడం తప్పింది కానీ నేల అతుకుల మీద గది దడదడలాడింది. అతుకులు నున్నగా గీయించి ఆ గట్టి టైర్లే ఉంచుతున్నాం. నీ తప్పు కాదని సార్లకు చెప్పాను. నీకు చెప్పడానికే మొహం చెల్లడం లేదు.

రుచిత

చిరాగ్‌పల్లి

చిట్టితల్లికి,

నీకూ, మీ ఆఫీసు పిల్లలకూ కడుపులో తిప్పిందని చదివి మొదట సంతోషపడ్డాను. సంతోషపడ్డందుకు సిగ్గేసింది.

పొద్దున బడికి వెళ్లి, కళ్ల మసక అబద్ధమని, మీ కంపెనీలో కక్కుకుని సిగ్గుతో మానేశానని బడి నడిపే జ్యోతి మేడమ్‌కు చెప్పాను. నవ్వుతుందని నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె నవ్వలేదు.

"గిందుకేనా మానేసిన్రు? కొత్త డ్రైవర్ మలుపుల్ల జోరుగ తిప్పుతుండు. చిన్న పిల్లలు రోజూ కక్కుతున్నరు. మీ బండ్ల ఎన్నడన్న కక్కిన్రా?"

ఆ మాటతో నా సిగ్గు తగ్గలేదు తల్లీ, పెరిగింది. వాళ్లు కిటికీల్లోంచి తలలు వేలాడేస్తుంటే నేను ఇంట్లో దుప్పటి కప్పుకొని పడుకున్నాను.

సోమవారం నుంచి బండి నేనే తీస్తున్నాను. మలుపులు మెల్లగా తిప్పుతాను.

మీ శరణప్ప మామ