గొర్రుకొయ్యలకు గంధం బొట్టు

సెప్టెంబర్ 14, ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాయడానికి కారణం ఒక్కటే. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. తమిళనాడులో పెరిగిన అమ్మ చదివేది తమిళ పేపరు. అవ్వకు ఏ అక్షరమూ రాదు, వచ్చినా ఇప్పుడు కనబడదు. నేను అయిదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ అయిదేళ్ళ చదువుతోనే ఈ బండి నడవాలి.

నిన్న అవ్వను తిరువళ్ళూరులో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. నేను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. పదకొండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి ముక్కుల మీదా అద్దాలు తగిలిస్తున్నాను. మా అవ్వకు మాత్రం ఏ అద్దమూ పనికిరాదట. రెటీనా నడిమధ్య అరిగిపోయిందట. పెద్దవి, బాగా వెలుగున్నవి కనబడతాయి. అవి కూడా ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు.

అవ్వ ఏడవలేదు. మా కడంబత్తూరుకు తిరిగొచ్చే లోకల్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒకే ఒక మాట అడిగింది. ఇంగ గొర్రుకొయ్యలు కనబడవా మే, అని.

గొర్రుకొయ్యలంటే ఆకాశంలో వరసగా నిలబడే మూడు చుక్కలు. విత్తనం వేసే గొర్రుకు ఉండే కొయ్యల్లా ఉంటాయని ఆ పేరు. తిరువాలంగాడు పక్కన మా పాత చేలో బావి ఒకటి, వాటాదార్లు ముగ్గురు. ఎడ్లతో కపిల తోలి నీళ్ళు తోడే రోజులు. గడియారం ఎవరికీ లేదు. ఒడ్డునున్న తాటిచెట్టు మీదికి గొర్రుకొయ్యలు ఎంత ఎత్తు వచ్చాయో చూసి ఎవరి వంతు మొదలైందో చెప్పేది అవ్వే. ఒకసారి వాటాదారు తిరుమలయ్య తాత ఆమెను పదిమందిలో నిలబెట్టి కడిగేశాడట. ముందే నీళ్ళు మళ్ళించుకున్నావు, చుక్కలు జూసి టైం చెప్పేదానికి నువ్వేమన్నా గడియారమా, అని. ఆయన పోయి ఇరవై ఏళ్ళు. అవ్వ కోపం మాత్రం నిక్షేపంగా ఉంది.

ఉంది అనుకున్నాను. రాత్రి అన్నం తింటూ అంది కదా, ఏమో మే, ఆయప్ప చెప్పిందే నిజమేమో, నేనే తప్పుగా జూసినానేమో, అని. ఎనభై ఆరేళ్ళ మనిషి. ఎవరికీ తగ్గని మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మూడు చుక్కలనూ ఫోటో తీసి ఆమెకు చూపిస్తాను. ఆ కాస్త చూపు ఉండగానే.

సెప్టెంబర్ 21, ఆదివారం

పార్థిబన్ బావ వచ్చాడు. పెద్దమ్మ కూతురి మొగుడు. తిరుత్తణిలో స్టూడియో, పెళ్ళిళ్ళ ఫోటోలు. కెమెరా కొంటానంటే నన్ను పైనుంచి కిందికి చూశాడు. పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా లేనిదే నక్షత్రాల జోలికి పోవద్దన్నాడు. అది కొనలేనంటే, పెద్ద జూమ్ లెన్స్ తీసుకో, చంద్రుణ్ణి తీసుకోవచ్చు, పక్షుల్ని తీసుకోవచ్చు, నీకు అంతకు మించి యాడ వస్తుంది, అన్నాడు.

నాకు చంద్రుడు వద్దు. పిట్టలూ వద్దు. మూడు చుక్కలు కావాలి. జూమ్ లెన్స్ దూరాన్ని దగ్గరికి తెస్తుంది కానీ వెలుగును తక్కువగా లోపలికి వదులుతుంది. చీకట్లో కంటిపాప ఎందుకు పెద్దదవుతుందో రోజుకు నలుగురికి చెప్పేదాన్ని, నాకు ఆ మాత్రం తెలియదా? జూమ్ లేని 35 ఎం.ఎం. ప్రైమ్ లెన్స్, ఎఫ్ 1.8, వెలుగును బాగా లోపలికి వదిలేది. తాటిచెట్టూ, దాని పైన మూడు చుక్కలూ ఒకే ఫ్రేములో పట్టాలి. లెక్క వేసుకున్నాను. పడతాయి.

సెప్టెంబర్ 28, ఆదివారం

కొనేశాను! చెన్నైలో. చిన్న సెన్సరుండే సెకండ్ హ్యాండ్ క్రాప్ కెమెరా, కొత్త 35 లెన్స్, ఒక బరువైన ట్రైపాడ్. షాపువాడు లెన్స్ ముందు బిగించే యూవీ ఫిల్టర్ ఒకటి ఊరికే ఇచ్చాడు. బావకు ఫోన్ చేస్తే ఆ ఫిల్టర్ గురించి మాత్రం పావుగంట నవ్వాడు. గాజు ముందు ఇంకో గాజెందుకే, అని.

నవ్వుకోనీ. రైల్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, పక్కన సీటు ఖాళీగా ఉన్నా సరే.

అక్టోబర్ 1, బుధవారం. ఆయుధపూజ

కోపం ఇంకా దిగలేదు.

పొద్దున అమ్మ గ్రైండర్, మిక్సీ, కత్తిపీట, నా స్కూటీ అన్నీ కడిగి వరసగా పెట్టింది. నేనే బుద్ధి లేకుండా కెమెరాను కూడా తీసుకెళ్ళి ఆ వరసలో పెట్టాను. ఇల్లంతా పూజ చేసుకుంటుంటే దాన్నొక్కదాన్నే బీరువాలో ఉంచబుద్ధి కాలేదు. పొరి బొరుగులు, శెనగలు పొట్లాలు కట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి అవ్వ బొట్లు పెట్టేస్తోంది. గంధం, దాని మీద కుంకుమ. గ్రైండర్‌కు. స్కూటీకి. కెమెరాకు.

కెమెరాకు ఎక్కడ? సరిగ్గా గాజు మీద! నడిమధ్య!

నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు వచ్చారు. అవ్వ భయపడిపోయి పైటచెంగుతో తుడిచేసింది. పొద్దున్నే తలకు నువ్వులనూనె పెట్టుకున్న చెయ్యి, ఆ పైట. గంధం, నూనె కలిసి గాజంతా పల్చగా పరుచుకుంది. బొట్టు మొగానికి గాక యాడ పెడతారు మే, దానికి మొగం అదే గదా, అంది. అని ఇంకోసారి తుడిచింది!

అదృష్టం, అది ఫిల్టర్ గాజు. లోపల లెన్స్‌కు ఏమీ కాలేదు. ఫిల్టర్ ఊడదీసి బ్యాగు జేబులో పారేశాను. తుడవాలని కూడా అనిపించలేదు.

అక్టోబర్ 2

అవ్వతో మాట్లాడలేదు.

అక్టోబర్ 4, శనివారం

మాట్లాడాను. ఆమె కాఫీ గ్లాసు కోసం టేబుల్ మీద చెయ్యి తడుముతుంటే ఇంకేం చేస్తాను. సిగ్గేసింది. గ్లాసు చేతికి ఇచ్చాను, సారీ చెప్పాను. సుమ్మా ఉండు మే, ఊరికే సారీ ఎందుకు, నాకు గాజుకూ మొగానికీ తేడా తెల్వకపోయె, అంది. దాంతో ఇంకా సిగ్గేసింది.

అక్టోబర్ 26

వాన. కెమెరాను బియ్యం డబ్బా పక్కన పెట్టాను, తేమ పట్టకుండా. అమ్మ బియ్యంలోనే పెట్టమంటోంది.

నవంబర్ 22, శనివారం, ఉదయం 6.20

మబ్బు విడిచింది. నాలుగింటికి లేచి అమ్మను తీసుకుని ఊరి బయటికి వెళ్ళాను. అమ్మ ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో పాముల కర్ర. దారంతా కబుర్లు. ట్రైపాడ్ మీద చెయ్యి వెయ్యొద్దని పదిసార్లు చెప్పాను. ఎనిమిది సెకన్లు, ఎఫ్ 2, ఐఎస్ఓ 1600.

అబ్బ! ఎన్ని నక్షత్రాలు! ఒక్కొక్కటీ సూదిమొనంత షార్ప్. బావకు పంపాను. చాలాసేపటికి, ఫోకస్ పరవాలేదే, అని జవాబు. బావ నోట ఆ మాటంటే మామూలు విషయం కాదు.

అదే రోజు, 8.00

టీవీలో పెట్టి అవ్వకు చూపించాను. యాడ, యాడ, అని అడుగుతూనే ఉంది. ఆమెకు కనబడింది నల్లటి టీవీ.

నవంబర్ 30, ఆదివారం

బావ స్టూడియోలో పెద్ద ప్రింటు వేయించాను. వెలుగు పెంచించాను. అవ్వ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. బాగుండాది మే, మూడూ కనబడతాండాయి, అంది.

ప్రింటును తలకిందులుగా పట్టుకుని ఉంది.

మేడ మీదికెళ్ళి ఏడ్చాను. మూడు నెలలుగా నేను చేసింది తప్పు. వెలుగు కాదు చాలనిది. నా చుక్కలు చాలా సన్నం. షార్ప్ అని నేను మురిసిపోయిందే ఆమెకు శత్రువు. పైగా అవ్వ నా కోసం అబద్ధం చెప్పింది.

డిసెంబర్ 13, శనివారం

డాక్టర్ మళ్ళీ చూశాడు. ఎడమ కన్ను ఇంకా తగ్గింది.

డిసెంబర్ 20, శనివారం, రాత్రి 9.15

అమావాస్య. చివరి ప్రయత్నం. ఈసారి అమ్మా నేనూ పాత చేనుకే వెళ్ళాం, తిరువాలంగాడుకు. బావి పూడిపోయింది. తాటిచెట్టు ఉంది. కనీసం చెట్టునైనా పోల్చుకుంటుంది కదా అని దాన్ని కింద పెట్టి, పైన గొర్రుకొయ్యలు వచ్చేలా నిలువుగా ఫ్రేమ్ కట్టాను.

సర్వనాశనం. ప్రతి ఫోటోలోనూ చుక్కలు ఉబ్బిపోయి పత్తికాయల్లా ఉన్నాయి. ధనుర్మాసం గదా, మార్గళి మంచు పట్టిందేమో అనుకుని తుడిచాను. పోలేదు. ఇంతలో తూర్పు నుంచి మబ్బు కమ్మేసింది.

ఇంటికొచ్చి లైటు కింద చూస్తే లెన్స్ ముందు ఆ ఫిల్టర్ ఉంది! గంధం ఫిల్టర్! అమ్మను నిలదీశాను. బయల్దేరే ముందు తనే బిగించిందట. పూజలో పెట్టిన గాజు గదా, దాన్ని విడిచిపెట్టి పోతే పని యాట్లయితుంది, అంటోంది. మూత తిప్పినట్టు తిప్పితే పట్టేసిందట. గొప్పగా చెబుతోంది!

ఈ ఇంట్లో నేను ఎవరిమీద అరవాలి?

డిసెంబర్ 21, ఆదివారం, ఉదయం 7.30

నిదానంగా రాయాలి. ఒక్కటీ వదలకుండా రాయాలి.

ఆరున్నరకు డిలీట్ చేద్దామని ఆ ఫోటోలను టీవీలో పెట్టాను. అవ్వ వెనక కుర్చీలో కాఫీ తాగుతోంది. గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. తిరిగి చూశాను. అవ్వ లేచి నిలబడింది. తల పక్కకు తిప్పి, కంటి చివర నుంచి చూస్తూ టీవీ దగ్గరికి వచ్చింది. వేలు పెట్టింది. ఒకటి. రెండు. మూడు.

గొర్రుకొయ్యలు, అంది.

ఆమె వేలు ఎడమకు జరిగింది. ఈ ఎర్రది ఆరుద్ర, అంది. కుడికి జరిగింది. ఈ తెల్లది కూడా ఉండాదే, అంది. అప్పుడు చూశాను నేను కూడా, సరిగ్గా. గంధం పొర చిన్న చుక్కలన్నిటినీ మింగేసింది. పెద్ద చుక్కల వెలుగును పరిచి, ఒక్కొక్కదాన్ని కుంకుమ బొట్టంత చేసింది. ఎర్రది ఎర్రగా, తెల్లది తెల్లగా. నేను వేల చుక్కలు చూపించబోయాను. ఆమెకు కావలసినవి నాలుగైదే. ఆ నాలుగైదే మిగిలాయి.

అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది! తాటిచెట్టు ఇంత పొడుగైపోయిందేంది, అని. తరవాత వేళ్ళతో టీవీ మీద కొలిచింది. తనలో తను గొణుక్కుంది. నిన్న మార్గళి అయిదో దినం గదా, అంది. చెట్టు పెరిగినాది, నా కాలంలో అయితే ఇంకో జానెడు పైన ఉండల్ల, అంది. మళ్ళీ కొలిచింది. నువ్వు ఇది తీసింది ఎనిమిదికి పావు తక్కువ, అని తేల్చేసింది.

నేను ఆమెకు టైం చెప్పలేదు. అమ్మ చెప్పలేదు, అమ్మకు వాచీయే లేదు. ఫోటో వివరాలు తెరిచాను. 7.42.

మూడే నిమిషాలు తేడా అవ్వా, అని గట్టిగా అరిచాను. ఆమె మొహం చిట్లించింది. నాకు తేడా యాడ వస్తుంది, నీ మిషన్ టైం సరిగ్గా ఉండాదా చూడు, అంది.

చూశాను. ఫోన్ పక్కన పెట్టి చూశాను. కెమెరా మూడు నిమిషాలు వెనక ఉంది.

ఇప్పుడు ఏడుస్తున్నాను. అవ్వ కాదు, నేను. అవ్వ రెండో గ్లాసు కాఫీ అడుగుతోంది.

డిసెంబర్ 27, శనివారం

బావ వచ్చాడు. ఫోటో చూశాడు. జూమ్ చేసి చూశాడు. ఏ లెన్స్ అన్నాడు. నువ్వు వద్దన్నదే, అన్నాను. ఏ ఫిల్టర్ అన్నాడు. నువ్వు నవ్విందే, అన్నాను. ఆ మాట ఎంత తియ్యగా ఉందో డైరీలో రాయలేను.

ఇలాంటి పని చేసే ఫిల్టర్లు షాపుల్లోనే అమ్ముతారట, డిఫ్యూజన్ అంటారట, ఆయనకు ముందే తెలుసట. మరి నవంబర్లో ఎందుకు చెప్పలేదు మహానుభావా? తానే రెండు పెద్ద ప్రింట్లు వేసి ఫ్రేమ్ కట్టిస్తానన్నాడు. రెండు కావాలన్నది అవ్వ. ఒకటి మన గోడకు. రెండోది ఎవరికో చెప్పడం లేదు.

వెళ్ళేముందు బావ తన బ్యాగులోంచి ఒక ఫిల్టర్ తీసి, గొంతు సవరించుకుని, అవ్వ ముందు కూర్చున్నాడు. అవ్వ గంధం గిన్నె తెమ్మంది. ముందు కాళ్ళు కడుక్కుని రాపో, అని ఆయనను లేపింది. తిరుత్తణి అంతటికీ పెద్ద ఫోటోగ్రాఫర్ మా తొట్టి దగ్గర ప్యాంటు మడిచి కాళ్ళు కడుక్కున్నాడు.

జనవరి 3, శనివారం. ఆరుద్ర దర్శనం

అవ్వ తిరువాలంగాడు గుడి నుంచి నేరుగా, నువ్వేమన్నా గడియారమా అన్న తిరుమలయ్య తాత ఇంటికి తీసుకుపొమ్మంది. ఆయన కోడలు కన్నమ్మ అత్త నవ్వుతూ మేకు, సుత్తి తెచ్చింది. దండ వేసిన ఆయన ఫోటో పక్కనే మా చుక్కల ఫోటో తగిలించాను. అవ్వ ఆయన ముందు నిలబడి, తల పక్కకు తిప్పి చూసింది.

ఎనిమిదికి పావు తక్కువ, అంది.