లైఫ్ జాకెట్ల డబ్బు

కోయిలకుంట్ల,
సోమవారం

దుర్గక్కకు,

ఫోనులో రెండుసార్లు మొదలుపెట్టి, నోరు రాక పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మీ ఆయన రిజర్వాయరులో మునిగి చనిపోయాక, జాలర్లకు లైఫ్ జాకెట్లు కొనివ్వాలని నువ్వు ట్రస్టు పెట్టావు. ఏటా చేపల గాలం పోటీ పెట్టి, ప్రవేశ రుసుముతో కొందామన్నావు. చేప వాసనే పడని ఇంట్లో పుట్టిన నన్ను, కిరాణా కొట్టు లెక్కలు చూస్తానని కోశాధికారిని చేశావు. మొదటి బహుమతికి నలభై వేలు ఇస్తానన్న మైదుకూరు ఎరువుల వ్యాపారి రాఘవేంద్రప్రసాద్ ఇవ్వలేదని, మళ్లీ అడిగితే బాగుండదని ఈసారి పోటీ రోజు పొద్దున నువ్వే చెప్పావు. సాయంత్రానికి గెలిచినవాడు వేదిక ముందు నిలబడి ఉన్నాడు. జాకెట్ల కోసం దాచిన డబ్బు తీసి ఇచ్చేశాను. ఎక్కడిదని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు.

పోయిన వారం జాలరి చిన్నన్న కొట్టుకొచ్చి, "అక్కా, జాకెట్లు యాడికొచ్చినాయి?" అన్నాడు.

"లారీలో వస్తాండాయి లేప్పా" అన్నాను.

మొన్న గాలికి రిజర్వాయరులో అతని పుట్టి పడవ తిరగబడింది. అంచు పట్టుకుని గంటసేపు వేలాడాడట. బతికాడు. నిన్న బియ్యం కొంటూ, "లారీ ఇంగా రాల్యేదా అక్కా?" అని నవ్వుతూనే అడిగాడు. అప్పటినుంచి కొట్లో కూర్చోలేకపోతున్నాను. తూకాలు తప్పుతున్నాయి. ఊరికే లేచి వీధిలోకి పోయి వస్తున్నాను. ఆదివారం మీటింగులో అందరి ముందూ చెప్పి పదవి వదిలేస్తాను. ముందుగా నీకు తెలియాలి.

నీ వాసవి

మైదుకూరు,
గురువారం

వాసవీ,

రాఘవేంద్రప్రసాద్ గారు మాట తప్పలేదు. పోటీ ముందురోజే ఇంటికొచ్చి, "అమ్మా, నలభై వేలుండాయి, లెక్కబెట్టుకో" అని నా చేతిలో పెట్టిపోయారు. ఆరోజే మా అమ్మాయి రమ్యశ్రీని, ఫీజు కట్టకపోతే నర్సింగ్ పరీక్ష రాయనివ్వబోమని కాలేజీలో చెప్పారు. ఆ డబ్బే కట్టేశాను. వారంలో తిరిగి పెట్టొచ్చనుకున్నాను, పెట్టలేకపోయాను. ఆయన ఇవ్వలేదని నీకు చెప్పేటప్పుడు నీ ముఖం చూడలేదు. మైకులో తన పేరు చదవకపోయినా ఆయన ఒక్క మాట అనలేదు. బహుమతి డబ్బు నువ్వు ఎక్కడినుంచి తీశావో నాకు తెలుసు. తెలిసే అడగలేదు.

నా మొగుడిని మింగిన నీళ్లలోనే చిన్నన్న వేలాడాడని చదివాను. మోటారు కుట్టుమిషను అమ్మితే పద్నాలుగు వేలు వచ్చాయి. పాతది తొక్కుకుంటాను. రేపు కర్నూలు పోయి వచ్చినన్ని జాకెట్లు తెస్తాను. మిగతాది ఎప్పటికి తీరుస్తానో ఆదివారం చెబుతాను.

మీటింగులో ముందు నువ్వు లేవొద్దు, నేను లేస్తాను. నేను చెప్పడం అయ్యాక నా పక్కనే కూర్చుంటావో, లేచి దూరంగా పోతావో, నీ ఇష్టం.

లక్ష్మీదుర్గ