ఎల్లయ్య బావి కాడ ఆ సంగతి

కౌకూర్,
మే 2

గౌరవనీయులైన అత్తమ్మ గారికి,

మీ కోడలు ఝాన్సీ వందనాలు. నిన్న పిల్లల్ని మీ దగ్గర దింపి వచ్చిన మీ కొడుకు ఎడ్వర్డ్ "బాగానే ఉన్నరు" అని రెండు ముక్కలు చెప్పి పడుకున్నాడు. జీడిమెట్ల ఫ్యాక్టరీలో వరసగా రెండు షిఫ్టులు చేసిన మనిషిని అంతకన్నా ఏం అడుగుతాను? మీ ఫోను ఎంత మోగినా ఎవరూ ఎత్తడం లేదు. అందుకే పాల వ్యాను ఎల్లేష్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. రోజూ రావల్కోల్ నుంచి ఇక్కడికి వచ్చిపోయే మనిషే కదా.

మనీషాకు తొమ్మిదేళ్లొచ్చినా ఫోను లేనిదే ముద్ద మింగదు. కాబట్టి బడి తెరిచేదాకా ఆ పిల్ల కంట ఫోను పడకూడదు. సుజిత్ వంకాయ తినడు, బలవంతం చేయకండి. ఆరేళ్లకే మొండితనంలో వాళ్ల నాన్నను దాటిపోయాడు.

ఇక రెండు మాటలు నాకు మీరు నిలబెట్టాలి. ఒకటి, పిల్లలు నీళ్ల దగ్గరికి వెళ్లకూడదు. ఏడేళ్లప్పుడు నేను బావిలో పడి, పైకి తీసేదాకా ఏం చూశానో ఇప్పటికీ మరిచిపోలేదు. నిండిన బకెట్టు చూసినా నాకు గుండె దడ. రెండోది, మా చర్చిలో పసిపిల్లల నెత్తిన నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు, మీ చర్చిలో పెద్దయ్యాక నిండా ముంచుతారు. ఆ వాదన మన ఇంట్లో ఎత్తకూడదని పెళ్లినాడు మీరూ మా నాయినా చేతిలో చెయ్యి వేసుకున్నారు. ఆ మాట కూడా గుర్తుంచుకోండి.

మీ కోడలు,
ఝాన్సీ

తా.క. సుజిత్ తలగడ సంచిలో పెట్టాను. దాన్ని ఉతికితే వాసన పోయిందని ఏడుస్తాడు. ఉతక్కపోతే మనం ఏడవాలి.

*

రావల్కోల్,
మే 6

ప్రభువునందు ప్రియమైన కోడలు ఝాన్సీకి అత్తమ్మ దానమ్మ వందనాలతో రాయునది.

పిల్లల కంట ఫోను పడొద్దని ఎడ్వర్డ్ చేత ముందే చెప్పించావు. నా చేతిలో ఉంటే వాళ్ల కంట పడకుండా ఉంటుందా? అందుకే బియ్యం డబ్బా అడుగున పెట్టి పైన బియ్యం పోశాను. మొన్న వండుదామని మూత తీస్తే లోపలి నుంచి మోగుతోంది. సుజిత్ వంగి బియ్యానికి "హలో" చెప్పాడు. నువ్వే చేశావేమో.

నీ పిల్లల్ని చూస్తుంటే ముచ్చటేస్తోంది బిడ్డా. మనీషా పక్క చేను ఎల్లయ్య దగ్గర బర్రె పాలు పిండడం నేర్చుకుంటోంది. ఎల్లయ్య తెలుసు కదా, బోనాల నాడు డప్పుల ముందు నడిచే పెద్దమనిషి. బర్రె ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఈ పిల్లతో పెట్టుకోవడం ఎందుకని నిలబడిపోయింది. సుజిత్ నా కోళ్లకు బైబిల్లోని పన్నెండు గోత్రాల పేర్లు పెట్టాడు. ఇగ నేను కూర వండాలంటే ఏ గోత్రాన్ని వండాలి? వంకాయ నేను పెట్టలేదు. వాడే చెట్టు మీంచి తెంపి, నా చేత కాల్పించుకుని తిన్నాడు.

పొద్దున పూట చర్చిలో సెలవుల బైబిలు బడి నడుస్తోంది. పాస్టర్ సత్యానందం గారు నీ పిల్లల గొంతు విని మురిసిపోతున్నారు. నీ రెండు మాటలూ గుర్తున్నాయి. నువ్వు పరేషాన్ కాకు.

మీ అత్తమ్మ,
దానమ్మ

తా.క. నా పాత తెల్ల చీర చింపి ఇద్దరికీ పొడుగు చొక్కాలు కుట్టాను. ఎందుకని అడగకు. ఎండకు మంచివి.

*

కౌకూర్,
మే 10

అత్తమ్మ గారికి,

ఝాన్సీ వందనాలు. నిన్న ఎల్లేష్ పాలు పోస్తూ నవ్వుతూ చెప్పాడు: "మేడమ్, మీ పోరగాండ్లు తెల్లబట్టలల్ల నెత్తి నుంచి కాళ్ల దాక తడిసి పాటలు పాడుకుంట వస్తాండ్రు. ఎనకంగ పాస్టర్ సాబ్ గూడ తడిసే ఉన్నడు. అందరు సప్పట్లు కొడ్తాండ్రు. మస్తు ముద్దుగున్నరు."

నా చేతిలో గిన్నె జారి పాలన్నీ గడప దాటాయి.

తెల్లబట్టలు, పాటలు, పక్కన పాస్టరు. నేను చిన్నపిల్లను కాదు అత్తమ్మా. ఇచ్చిన మాట ఎలా తప్పారు? మమ్మల్ని అడక్కుండా నా పిల్లలకు ఆ సంగతి ఎలా చేయిస్తారు? పైగా వాళ్లకు ఎప్పుడో అయిపోయింది. నెలల పిల్లలప్పుడే, పద్ధతిగా, మా నాయిన ఎత్తుకుని ఉండగా అయింది. ఆ మాట పేరుపెట్టి రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు. ఆ వాదన ఎత్తబోమని ప్రమాణం చేసుకున్నాం కాబట్టి నేనైనా దాన్ని కాపాడతాను.

ఝాన్సీ

తా.క. మీ జవాబు వచ్చేదాకా మా నాయినకు చెప్పను. ఎడ్వర్డ్‌కు చెప్పాను. "సరే" అని షిఫ్టుకు వెళ్లాడు. ఆ "సరే" ఎవరికో నాకు తెలియదు.

*

రావల్కోల్,
మే 13

ప్రియమైన బిడ్డ ఝాన్సీకి,

అత్తమ్మ వందనాలు. ఎల్లేష్ కడుపులో పాలైనా నిలుస్తాయేమో, మాట నిలవదు. సరే, దొరికిపోయాను. ఆ సంగతి నీకు చెప్పకుండా మొదలుపెట్టింది నేనే. పిల్లలే అడిగారని అబద్ధమాడను.

కానీ ముందే అయిపోయిందంటావేంది? మొదటి రోజు మనీషా నా మెడ పట్టుకుని వేలాడి అరిచిన అరుపుకు ఎల్లయ్య ఎడ్లు తాళ్లు తెంపుకున్నాయి. అయిపోయిన పిల్ల అట్లా అరుస్తుందా? మీ నాయిన ఎత్తుకుని చేయించాడని రాశావు. ఎత్తుకుంటే ఏం లాభం బిడ్డా, వదలాలి గాని. నెత్తిన నాలుగు చుక్కలు పడగానే అయిపోయినట్టా? మీ నాయిన మంచి మనిషే, కానీ ఈ విషయంలో ఆయనకు ఏమీ తెలిసినట్టు లేదు.

ఇది ఒక్కరోజుతో తెమిలే పని కాదు. రోజూ ముంచగా ముంచగా ఆరో రోజుకు సుజిత్‌కు భయం పోయింది. మనీషాకు ఇంకో రెండు రోజులు పడుతుంది. దగ్గరుండి చేయించేది ఎల్లయ్యే. నలభై ఏళ్లలో ఊళ్లో ఎంతమందికి చేయించాడో ఆయనకే లెక్క తెలియదు. అలాంటి అనుభవం మన పాస్టరయ్యకు ఎక్కడిది? ఎల్లయ్య ముంచితే మునుగుతాడు, లెమ్మంటే లేస్తాడు.

నీ భయం నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. నీ పిల్లలు గట్టివాళ్లు, చూస్తే నువ్వే మురిసిపోతావు.

అత్తమ్మ

తా.క. పాస్టర్ గారికి ఇన్నాళ్లూ ఆ సంగతి కాలేదట. యాభై రెండేళ్లు కడుపులో దాచుకున్నాడు పాపం. చర్చి పెద్దలకు తెలిస్తే పరువు పోతుందని నా చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

*

కౌకూర్,
మే 15

అత్తమ్మ గారికి,

ఝాన్సీ వందనాలు. మీ ఉత్తరం నాయినకు చూపించక తప్పలేదు. "నాలుగు చుక్కలు" అన్న చోట ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. చుక్కలు తగ్గలేదు. ముప్పై ఏళ్లు సంఘ పెద్దగా ఉన్న మనిషి, చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుండిపోయారు.

ఎల్లయ్య గారంటే నాకు గౌరవమే. కానీ బోనాల ముందు నడిచే మనిషి చేయించడమేమిటి, పాస్టరు చేయించుకోవడమేమిటి? రోజుకోసారి చొప్పున వారం రోజులు ముంచడమేమిటి? మా చర్చిలోనే కాదు, మీ చర్చిలో కూడా ఇలాంటిది ఉందని నేను వినలేదు.

శనివారం పొద్దున నాయినా నేనూ వస్తున్నాం. పిల్లల బట్టలు సర్ది ఉంచండి. వచ్చే ఎండాకాలం వాళ్లను పంపమని అడగకండి. ఈ ముక్క రాయడం నాకు కష్టంగానే ఉంది. పెళ్లయిన పదకొండేళ్లలో మీ మీద ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు నేను.

ఝాన్సీ

తా.క. పిల్లల బాప్తిస్మపు సర్టిఫికెట్లు నాయిన వెంట తెస్తున్నారు. ఎడ్వర్డ్ రావడం లేదు. రెండు చర్చిల మధ్య పెళ్లి చేసుకున్నప్పుడే తనకు శనివారాలు డ్యూటీ పడాలని ప్రార్థన చేసుకున్నాడట.

*

రావల్కోల్,
మే 16

బిడ్డ ఝాన్సీకి,

అత్తమ్మ వందనాలు. వచ్చే ఎండాకాలం మాట చదివాక నాకు ముద్ద దిగలేదు. బట్టలు సర్దాను. మనీషా రెండుసార్లు సంచిలోంచి తీసి మళ్లీ దండెం మీద వేసింది.

నీ పిల్లలు, నువ్వు తీసుకుపోతే కాదనేదాన్ని కాను. ఒక్కసారి కళ్లారా చూసి తీసుకుపో. ఇంటికి రావద్దు, నేరుగా ఎల్లయ్య చేనుకే రండి. అదేదో సర్టిఫికెట్లు తెస్తానన్నావు, తెస్తే తెండి. కళ్లద్దాలు కనబడక చివరి వరసలు మనీషా కష్టమైన మాటలు వదిలేసి చదివి వినిపించింది, బళ్లో ఇచ్చినవేమో అనుకున్నాను. ఇది మాత్రం కాగితం చూసి ఒప్పుకునే వ్యవహారం కాదు. దిగితేనే తెలుస్తుంది, వచ్చిందో రాలేదో.

అత్తమ్మ

తా.క. తాతకు అయిందా అని సుజిత్ అడిగాడు. కాలేదనుకుంటా అన్నాను. అయితే తాతకూ చేయిద్దామంటున్నాడు. మీ నాయినను ఒక జత బట్టలు ఎక్కువ తెచ్చుకోమను.

*

కౌకూర్,
మే 20

ప్రియమైన అత్తమ్మకు,

మీ ఝాన్సీ వందనాలు. "గారు" రాయలేదని చూస్తారేమో. శనివారం తర్వాత అది అడ్డంగా అనిపించి తీసేశాను.

ఆ రోజు సంగతి ఎడ్వర్డ్‌కు మీరెటూ చెప్పి ఉండరు. నేను చెబితే అతను నమ్మలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ ఉత్తరం చదివి నిజమేనని కింద ఒక సంతకం పెట్టి పంపండి.

ఎల్లేష్ వ్యానులో పాల క్యాన్ల మధ్య కూర్చుని వచ్చాం. నాయిన దారంతా వాక్యాలు వెతికి పెట్టుకున్నారు. తీరా ఎల్లయ్య గారి మెట్ల బావి దగ్గరికి వచ్చేసరికి మీ పాస్టరు తెల్ల బనీనుతో, నడుముకు రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టుకుని, కింది మెట్టును రెండు చేతులా పట్టుకుని కాళ్లు కొట్టుకుంటున్నారు. కాళ్లు వరస తప్పకుండా ఉండాలని గట్టున పిల్లలు పాట పాడుతూ చప్పట్లు కొడుతున్నారు. నాయిన సర్టిఫికెట్లు నా చేతికిచ్చి, "పాస్టర్ గారూ, ఇది ఏ వాక్యం ప్రకారం చేస్తున్నారు?" అని మొదలుపెట్టారు. పాపం, ఆయన నోట్లో నీళ్లున్నాయి.

అప్పుడు నడిబావిలో మనీషా తల కనిపించింది నాకు. తల ఒక్కటే. ఇంకేమీ ఆలోచించలేదు. చెప్పులతోనే మెట్ల మీద పరుగెత్తాను. మూడో మెట్టు పాచి పట్టి ఉందని కాలు జారాకే తెలిసింది.

మళ్లీ ఏడేళ్లదాన్నయిపోయాను అత్తమ్మా. అదే చీకటి, చెవుల్లో అదే హోరు. ఇంతలో ధబ్బున చప్పుడు. అరవై మూడేళ్ల మీరు, చీర గోచీ పెట్టి, గట్టు మీది నుంచి దూకారు. నా చంక కింద మీ చెయ్యి, చెవి పక్కన మీ మాట: "కాళ్లాడియ్ బిడ్డా. నేనున్న. కాళ్లాడియ్."

ఆడించాను. పక్క నుంచి నా కూతురు చేపపిల్లలా వచ్చి, "అమ్మా, గట్టిగ బిగుసుకోకు. నీళ్లే నిన్ను లేపుతయ్" అంది. రావల్కోల్‌లో రెండు వారాలు ఉన్నందుకే దాని మాట అలా మారింది. సుజిత్ తన డబ్బాలు విప్పి నా వైపు విసిరాడు. ఒకటి తాత కాళ్ల దగ్గర పడింది.

మెట్టు ఎక్కించాక మీరు అన్న మొదటి మాట కూడా రాస్తాను: "చెప్పులేసుకొని పాచి మీద ఉరుకుతరా ఎవరన్న?" మా అమ్మ పోయాక అంత ప్రేమగా నన్ను తిట్టినవాళ్లు లేరు.

అప్పుడు నాయిన నెమ్మదిగా అడిగారు, "అయితే గిది బాప్తిస్మం కాదా?" అని. మీరు కొంగు పిండుకుంటూ, "బాప్తిస్మమేంది అన్నయ్యా? ఈత" అన్నారు. ముందుగా నవ్వింది ఎల్లయ్య గారే. ఈ పదిరోజులూ ఆయన ఏ పని చేస్తున్నారని మేం అనుకున్నామో చెప్పాక, ఆయన గట్టు మీద కూలబడి నవ్వారు.

శామీర్‌పేట చెరువుగట్టున పుట్టి పెరిగిన మీకు చేపలకు వచ్చినంత ఈత వచ్చని పదకొండేళ్లలో నాకు తెలియదు. మీరు చెప్పలేదు, నేను అడగలేదు. మీరన్న మాట ఒకటి ఆ రోజు నుంచి నాలో తిరుగుతోంది: "నీ భయం నీ పిల్లలకు అంటుతదేమోనని నా భయం. గందుకే చెప్పకుంట చేసిన. తప్పే." తప్పే అత్తమ్మా. కానీ ఆ తప్పు చేయకపోతే శనివారం నాకు డబ్బా విసిరేవాళ్లు ఎవరు? నా పిల్లల్ని చూసి గర్వపడ్డాను. వాళ్లకన్నా ఎక్కువ మిమ్మల్ని చూసి.

పిల్లల బట్టలు మళ్లీ దండెం మీద వేయమని మనీషాతో చెప్పండి. బడి తెరిచేదాకా అక్కడే ఉంటారు. వచ్చే ఎండాకాలం కూడా. ఇకపై శనివారాలు నేనూ వస్తాను. నాకు రెండు డబ్బాలు చాలవు, నాలుగు కట్టమని ఎల్లయ్య గారికి చెప్పండి.

మీ బిడ్డ,
ఝాన్సీ

తా.క. నా తెల్ల చుడీదార్, నిండా మునక, గట్టున పాట, పక్కన పాస్టరు. ఏదీ తక్కువ కాలేదని నాయిన నిన్నటి నుంచి దిగులుగా ఉన్నారు. నన్ను మీ చర్చి పుస్తకంలో ఎక్కించొద్దని పాస్టరు గారికి గట్టిగా చెప్పమన్నారు. నాతో పాటు ఆ రెండు సర్టిఫికెట్లు కూడా మునిగి, సిరా అంతా పోయి తెల్లగా తేలాయి. వాటినీ ఎక్కించొద్దట.