నడుముకు కట్టిన తాడు

సుందరం అన్నయ్యకు, తార్నాక నుంచి మీ చెల్లెలు రాస్తున్నది.

నిన్న యూనివర్సిటీ పిల్లలు మిమ్మల్నీ, మా ఆయన్నీ పిలిచి, మీరిద్దరూ మెకానిక్కులుగా పనిచేసిన సైన్యపు సరుకు విమానాల సంగతులు చెప్పమన్నారు కదా. మీరు లేచి, మంచుకొండల్లో సిపాయిలకు బియ్యం బస్తాలు జారవిడుస్తుంటే ఒక బస్తా వెనక తలుపులో ఇరుక్కుందనీ, నడుముకు తాడు కట్టుకుని వెళ్లి దాన్ని తన్నేసి, తలుపు మూసి వచ్చింది మీరేననీ చెప్పారు. నాకు తల తిరిగిపోయింది. పెళ్లయినప్పటి నుంచీ మా ఆయన తన కథగా చెబుతున్నది అదే. ఆయనేమో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

మెట్రో స్టేషన్ కింద ఛాయ్ తాగుతూ మా ఆయన్ని అడిగాను.

"మీ ఇద్దరిట్ల అబద్ధమాడుతున్నదెవరు?"

"మేమిద్దరం పోలే. మాతోటి మెకానిక్ విక్టర్ పోయిండు. తాడు తెగింది."

"మరి నేనే పోయిన అని ఎందుకు చెప్తరు?"

"వాడు పోయిండంటే కథ గాడనే ఖతమైతది. నేను పోయిన అంటే, వాడు తలుపు మూసి లోపలికొస్తడు."

నాకు వచ్చింది కోపమో, జాలో తెలియడం లేదు. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే, పీట మీద కూర్చున్నది ఎవరో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.

ఒక్కటి చెప్పండి అన్నయ్యా. కబురు చెప్పడానికి విక్టర్ వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లింది మీరేనట. ఆమెకు ఈ కథ ఎలా చెప్పారు?

మీ చెల్లెలు