నాలుగు నుంచి ఆరు వరకు

వార్డు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సామాజిక భవనం తాళంచెవిని, దాని వెంట వచ్చిన సమస్త పనులను ప్రతిరోజూ సాయంత్రం నాలుగు గంటల నుంచి ఆరు గంటల వరకు నా వద్ద నుంచి స్వాధీనం చేసుకొనుట గురించి.

సూచిక: ఇదే విషయమై తమ కార్యాలయంలో నోటిమాటగా మూడుసార్లు చేసుకున్న మనవి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను సామాజిక భవనానికి ఎదురింట్లో కాపురం ఉంటున్న గృహిణిని. నా అసలు పేరు తమ దస్త్రాలలో ఉండకపోవచ్చును. తాళాలక్క అంటే తమ అటెండరు గారికి కూడా తెలుస్తుంది. ఈ అర్జీలో అక్షరాలు గోడ మీద రాసినంత పెద్దవిగా ఉన్నందుకు, అందువల్ల కాగితాలు పంతొమ్మిది అయినందుకు మన్నించవలెను. కారణం చివర మనవి చేసుకుంటాను.

1. పదేళ్ళ క్రితం భవనానికి రంగులు వేసిన మేస్త్రి పని ముగించి, తాళంచెవి ఎవరికి ఇవ్వాలో తెలియక మా ఇంట్లో ఇచ్చాడు. "రేపొచ్చి తీసుకుంటానమ్మా" అన్నాడు. అతను మళ్ళీ రాలేదు. తమ కార్యాలయం వారూ అడగలేదు.

2. తాళంచెవి నా దగ్గర ఉంది కనుక టీకాల రోజున తలుపు తీయమన్నారు. తలుపు తీసిన దాన్ని కదా అని బల్లలు వేయమన్నారు. బల్లలు వేశాక పేర్లు రాయమన్నారు. తర్వాత మంచినీళ్ళ ట్యాంకరు దగ్గర వరుస, ముసలివాళ్ళ దరఖాస్తులు, రక్తదానం, కుట్టుమిషను తరగతి, వాన నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన ఏడాది ఎనిమిది కుటుంబాలకు హాల్లో పడకలు, వాళ్ళ పిల్లలకు పాలు. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. "అక్కా, ఒక్క నిమిషం" అన్నారు, అంతే. అలా పిలిస్తే నాకు సంతోషంగా ఉండేదని కూడా ఒప్పుకుంటున్నాను. ఈ అంశం మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు.

3. గత మంగళవారం తమ కార్యాలయానికి మూడోసారి వచ్చి, సాయంత్రం పూట నన్ను ఈ పనుల నుంచి తప్పించమని గుమాస్తా గారిని అడిగాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే "నియామక ఉత్తర్వు ఉందా అమ్మా?" అన్నారు.

"లేదండీ. నన్నెవరూ నియమించలేదు."

"మరి చేరినట్టు కాగితమే లేనప్పుడు, మానేసినట్టు కాగితం నేనెక్కడి నుంచి పుట్టించను? ముందు మీరు చేరాలి. చేరాలంటే ఖాళీ ఉండాలి. అసలా ఉద్యోగమే లేదు కదా!"

"లేని ఉద్యోగంలోంచి నన్ను తీసేయడానికి మీకేం కష్టమండీ?"

ఆయన ఫైలు మూసి, ఇంకో ఫైలు తెరిచి, అదీ మూశారు. పాపం, మంచి మనిషే. చివరికి, "ఎటూ వచ్చారు కదా, బయట ఆ పెద్దాయనకి కాస్త ఫారం నింపి పెడతారా? ఒక్క నిమిషం" అన్నారు. నలుగురికి నింపి ఇంటికి వచ్చాను.

4. తమరి ఆధ్వర్యంలో ఏటా బడిపిల్లలకు కంటి పరీక్ష శిబిరం జరుగుతున్న సంగతి తమకు విదితమే. పిల్లలను వరుసలో నిలబెట్టడం, నర్సు గారు చెప్పినది రిజిస్టరులో రాయడం నా పని. మా ఆయనది బిస్కెట్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. మధ్యాహ్నం వెళితే రాత్రి పదికి గానీ రారు. శిబిరానికి ముందు రోజు సాయంత్రం సర్దుళ్ళు, శిబిరం నాడు పొద్దున్నుంచి వరుస. సాయంత్రం ఇంట్లో ఎవరూ ఉండరు, శిబిరం నాడు దాని పరీక్షా అక్కడే కనుక మా పాపను రెండు రోజులూ నా వెంటే తిప్పాను. గోడకు తగిలించిన అక్షరాల పటం కింద చాప వేసుకుని, నాకు పెన్సిళ్ళు చెక్కిపెడుతూ కూర్చునేది. ఏ ఏడైనా అదే పటం. దాని చిరిగిన మూలను అతికించింది నేనే. రెండు వందల మంది పిల్లలు ఆ అక్షరాలను పైనుంచి కిందికి మా పాప చెవిలోనే చదివారు. దాని వంతు వచ్చినప్పుడు అది ఒక కన్ను మూసుకుని చివరి వరుస దాకా గడగడా అప్పజెప్పింది. తర్వాత రెండో కన్ను మూసుకుని అలాగే అప్పజెప్పింది. నర్సు గారు "భలే చదివావే!" అని బుగ్గ పుణికారు. నేను గర్వంగా రిజిస్టరులో "రెండు కళ్ళూ సరిగా ఉన్నవి" అని రాశాను. వరుసగా మూడేళ్ళు రాశాను. సదరు చేతిరాత నాదేనని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

5. గత నెలలో దానికి కళ్ళకలక వచ్చి కుడికన్ను వాచి మూసుకుపోయింది. నేను పొయ్యి దగ్గర ఉండి, "ఆ మందుసీసా మీద పేరు చదువు తల్లీ" అన్నాను.

"ఏం రాసుందో కనపడట్లేదమ్మా."

"పెద్ద అక్షరాలేగా! పరాచికాలాడకు."

"నిజంగానే. ఈ కంటితో ఎప్పుడూ ఇంతేగా. అందరికీ ఒక కన్ను ఇలాగే ఉంటుందనుకున్నా."

పొయ్యి ఆర్పేసి, చెప్పులు కూడా వేసుకోకుండా దాన్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. పుట్టుకతోనే ఎడమ కంట్లో చూపు మందంగా ఉందని, దానికి పని చెప్పకపోవడం వల్ల ఇంకా వెనకబడిందని కంటి డాక్టరమ్మ గారు చెప్పారు. ఐదేళ్ళప్పుడు తెచ్చి ఉంటే సులువుగా బాగయ్యేదన్నారు. ఇప్పుడు తొమ్మిది నిండాయి. అయినా ఆశ వదులుకోవద్దని, కళ్ళద్దాలు రాసి, ఏడాది పాటు రోజూ రెండు గంటలు కుడికంటికి కట్టు కట్టి ఎడమ కంటితోనే చదివించమన్నారు. ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలట. లేకపోతే పిల్లలు కట్టు కొస ఎత్తి చూస్తారట. "ఇంకా ఆలస్యం చేస్తే నేను కూడా ఏం చేయలేనమ్మా" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఎందుకే చూడకుండా అప్పజెప్పావు?" అని అడిగాను.

"నువ్వే కదమ్మా, వరుస ఆగిపోతోంది, గబగబా చెప్పండి అని అందరినీ అంటావు."

రెండు వందల మంది పిల్లల కళ్ళు చూపించిన దాన్ని, నా కడుపున పుట్టిన దాని కళ్ళలోకి చూడలేదు. ఏడవడానికి కూడా తీరిక లేదు, అప్పుడే ట్యాంకరు వచ్చిందని ఫోను.

6. బడి మూడున్నరకు వదులుతారు. వెలుతురు ఆరింటి దాకా బాగుంటుంది. కనుక నాలుగు నుంచి ఆరు వరకు సమయం నిర్ణయించుకున్నాను. మొదటి రోజు ఆ రెండు గంటల్లో పదకొండు మంది తలుపు కొట్టారు. నేను పదకొండుసార్లు లేచాను. పదకొండోసారి కుట్టుమిషను గదిలో బల్బు మార్పించి వచ్చేసరికి కట్టు బల్ల మీద ఉంది, పిల్ల మంచి కంటితో పుస్తకం చదువుకుంటోంది. "నువ్వు రావేమో అనుకున్నా" అంది. కోపంగా కూడా అనలేదు. అలవాటైపోయిన దానిలా అంది. నేను అలిసిపోయానండీ. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు.

నాకు ఎదుటి మనిషి మొహం చూసి కాదనడం చేతకాదు. ఎన్నిసార్లు అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసినా చివరికి "సరే పద" అనే వస్తోంది. కావున నా తరఫున ప్రభుత్వం వారే రాతపూర్వకంగా కాదనవలెను. గుండ్రటి ముద్ర ఉంటే మరీ మంచిది. తలుపుకు అతికించుకుంటాను.

7. వరుసలో ముందువాళ్ళు చదివేది వెనకవాళ్ళకు వినబడుతుంది. మా పాప ఒక్కతే అలా చేసిందని నేను అనుకోవడం లేదు. ఈ మూడేళ్ళలో నా చేతిరాతతో "సరిగా ఉన్నవి" అని ఉన్న పిల్లలందరికీ మళ్ళీ పరీక్ష చేయించవలెను. కొత్త పటం తెప్పించి, తలుపు వేసి, ఒక్కొక్కరినే లోపలికి పిలవాలి. వచ్చే శనివారం ఈ ఏటి కంటి శిబిరం పొద్దుటి పూటే కనుక నేను వస్తాను. నాలుగు లోపు దేనికైనా వస్తాను.

కాబట్టి తమరు ఇన్ని కాగితాలనూ ఓపికగా తిరగేసి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు నేను ఈ వార్డులోనే లేనట్టుగా పరిగణిస్తూ ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా వేడుకుంటున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తాళాలక్క
(నాలుగు నుంచి ఆరు వరకు: పాప వాళ్ళమ్మ)

జత: తాళంచెవి ఒకటి.

తా.క.: అక్షరాల సంగతి. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ మా పాపకు కంఠతా వచ్చు. దాని జ్ఞాపకశక్తి అంటే నాకిప్పుడు భయం పట్టుకుంది. ఎక్కడా విననిది, ఎవరూ చదవనిది కావాలి. అందుకని ఈ అర్జీని దాని ఎడమ కంటికి ఆనేంత పెద్ద అక్షరాలతో రాశాను. ఇప్పుడు నా పక్కన కూర్చుని కట్టు కట్టుకుని దీన్నే చదువుతోంది. "స్వాధీనం" దగ్గర చాలాసేపు ఆగింది. మధ్యలో ఎవరో రెండుసార్లు తలుపు కొట్టారు.

"అమ్మా, ఎవరో పిలుస్తున్నారు."

"వినబడింది. నువ్వు చదువు."

"ఆఫీసరు గారు ఒప్పుకోకపోతే?"

"ఇంకో అర్జీ రాస్తాను."

"ఒప్పుకున్నా రాయమ్మా. ఇదే మళ్ళీ ఇస్తే నాకు గుర్తుండిపోతుంది."

కనుక తమరు మంజూరు చేసినా, చేయకపోయినా అర్జీలు వస్తూనే ఉంటాయి. వాటికి జవాబు రాయనక్కరలేదు. దీన్ని మాత్రం పాప చదవడం ముగించాకనే తమ కార్యాలయంలో ఇస్తాను. నాలుగో అంశం రేపటికి ఉంచాం. అందులో నా తప్పు ఉంది, అదీ తనే చదవాలి. ఇవాళ్టికి మూడో అంశం చివరి దాకా చదివింది. నేను ఒక్క అక్షరం కూడా అందించలేదు.