మాలిష్ తర్వాత గ్లాసెడు నీళ్లు

మాలిష్ దుకాణంలో మూడో బల్ల దగ్గర పనిచేసే పెద్దాయనకు,

కోపంలో ఉన్నాను కాబట్టి నమస్కారం చివర్లో పెడతాను.

నిన్న పట్టేసిన నా మెడను చక్కగా సరిచేశారు. అంతవరకు బాగుంది. తర్వాత "గ్లాసెడు నీళ్లు తాగు నాయనా, నెమ్మదిగా" అన్నారు. ఎందుకని అడిగితే "అదంతే" అన్నారు. లోకంలోని అన్యాయమంతా ఆ "అదంతే" మీదే కూర్చుని ఉందని ఒక కరపత్రంలో చదివాను. శాస్త్రీయ కారణం రాసి పంపండి. లేదంటే ఆ గ్లాసు ఎత్తేయిస్తాను.

నమస్కారాలతో,
దాహం వేయని పౌరుడు

తా.క. ఇంటికొచ్చాక దాహం వేసింది. అది వేరే సంగతి.

*

మెడ బాబుకి మూడో బల్ల తాతయ్య ఆశీస్సులు.

శాస్త్రం నాకేం తెలుసు నాయనా. నీళ్లు తాగితే ఒళ్లు తేలికవుతుందని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు, నేనూ అదే చెప్తున్నా. తాగడం ఇష్టం లేకపోతే మానెయ్, గ్లాసు పట్టుకుని కాసేపు కూర్చో చాలు. మా యజమాని దగ్గర మాత్రం ఈ ఊసెత్తకు. ఆ గ్లాసు పోతే ఈ పని నావల్ల కాదు.

ఉంటాను,
తాతయ్య

తా.క. మెడ ఎడమకి తిప్పుతున్నావా? నీ అక్షరాలన్నీ కుడికి ఒరిగిపోయాయి.

*

పెద్దాయనకు,

ఇప్పుడర్థమైంది. తాగకపోయినా పట్టుకుని కూర్చోవాలట. అంటే ఇది ఆరోగ్యం కాదు, విధేయత. "గ్లాసు నియంతృత్వం" అని కరపత్రం అచ్చు వేయించి మీ యజమానికి స్వయంగా చదివి వినిపించాను. "ఇన్నాళ్లూ మనిషికి ఐదేసి నిమిషాలు నీళ్లపాలయ్యాయా" అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. కూజా, గ్లాసు బీరువాలో పెట్టి తాళం వేశాడు. సత్యం గెలిచింది.

ఇట్లు,
శ్రామికుల పక్షాన నిలబడేవాడు

తా.క. నిలబడేవాడు అన్నాను గానీ, మెడ మళ్లీ పట్టేయడంతో పడుకుని రాస్తున్నాను.

*

గెలిచిన బాబుకి,

వేళ్లు వంగక మనవరాలి చేత రాయిస్తున్నా. రోజుకి పద్నాలుగు మెడలు, తొమ్మిది నడుములు నాయనా. మధ్యలో ఆగితే యజమాని ఊరుకోడు. నీళ్లు తాగే మనిషిని లేపడం బాగోదు కదా, అందుకని గ్లాసు అయ్యేదాకా నేనూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ నీళ్లు మీకు మంచి చేస్తాయో లేదో తెలీదు, నాకు మాత్రం చేసేవి. ఇంకో వారం ఇలాగే నడిస్తే పని మానుకోవాల్సిందే.

కోపమేం లేదు,
తాతయ్య

తా.క. ఇది మనవరాలు రాస్తున్నది. కోపం ఉంది. మా వీధిలోకి రావద్దు.

*

తాతయ్యా,

శ్రామికుడి ఏకైక విరామాన్ని శ్రామికుల పేరు చెప్పి నేనే మింగేశాను. రెండు రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. మూడో రోజు కొత్త కరపత్రం వేశాను. శాస్త్రం ఎక్కడా దొరక్క సొంతంగా రాశాను: "మాలిష్ తర్వాత ఐదు గ్లాసులు తాగనివాడి మెడా, తాగనివ్వని యజమాని మెడా తిరిగి యథాస్థితికి రావు." మీ యజమాని రుజువేదన్నాడు. గోడవైపే చూస్తున్న నా మెడ చూపించాను. తన మెడ తడుముకుని బీరువా తాళం తీశాడు.

రేపు వస్తున్నాను. మీరు నన్ను ముట్టుకోవద్దు. గ్లాసు ఇచ్చి కూర్చోండి.

ఇట్లు,
మీ మెడ బాబు

తా.క. నాతో పదిహేనుమంది వస్తున్నారు. ఎవరికీ ఏ నొప్పీ లేదు. అందరికీ విపరీతమైన దాహం.