ఫైనల్లో సామ్యేలు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా,
గురువారం

మన క్రికెట్ లీగ్ సెక్రటరీ సుబ్బరాజు గారికి నమస్కారం.

ఆదివారం ఫైనల్లో అవతలి జట్టు తరఫున సామ్యేలు ఆడకూడదని మా గ్యారేజీ నుంచి మీకు ఫిర్యాదు వచ్చింది కదా. అది మా ముదీర్, అదే మేనేజరు, పంపింది. ఆడేది మేము. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఏ కంపెనీ కార్డు ఉన్నవాడు ఆ కంపెనీకే ఆడాలన్నది మన రూలు, కాదనను. కానీ సీజనంతా సామ్యేలు బౌలింగ్‌తోనే వాళ్లు ఫైనల్‌కి వచ్చారు. పోయిన వారం పని తగ్గిందని వాళ్ల వర్క్‌షాపులో అతన్ని తీసేసి, కార్డు లాక్కున్నారు. సోమవారం ఊరికి వెళ్లిపోతున్నాడు.

ఊరికే కూర్చోలేక సాయంత్రాలు మా యార్డుకి వచ్చి మాకే బంతులు వేస్తున్నాడు. "ఫైనల్ నీకు లేదుగా, ఇదంతా ఎందుకురా?" అన్నాను.

"నా పని ఖలాస్ అన్నా, చెయ్యే ఊరుకోవట్లేదు. నువ్వు ఎడమకాలు ముందుకెయ్యి, లేకపోతే మావాళ్లు నీ వికెట్ లేపేస్తారు" అన్నాడు.

అతని దగ్గర నేర్చుకుని, అతను లేని జట్టు మీద గెలిచి, ఆ కప్పు ఏ మొహం పెట్టుకుని ఎత్తమంటారు?

ముదీర్‌తో నేను మాట్లాడుకుంటాను. మీరు సామ్యేలుని ఆడనివ్వండి. రూలు ఒప్పుకోదంటారా, సరే. అతను లేకపోతే వాళ్లకి పదకొండోవాడు లేడు, పదిమందే దిగాలి. మేమూ పదిమందిమే దిగుతాం. ఆగిపోయేవాణ్ణి నేనే. బౌండరీ బయట సామ్యేలు పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
గ్యారేజీ జట్టు కెప్టెన్